అప్పు తీరిన రోజుకు దావత్ ఎందుకు లేదు?

(మన సొసైటీ వార్షిక సభలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)

అపార కరుణామయుడైన అల్లాహ్ పేరుతో ప్రారంభిస్తున్నాను.



సెక్రటరీ గారు పది రోజుల కింద మా ఇంటికి వచ్చి, "మాస్టారూ, ఈసారి మీరు రిటైర్మెంట్ గురించి, డబ్బు గురించి నాలుగు మాటలు చెప్పాలి" అన్నారు. నాకు నవ్వు వచ్చింది. 1974 నుంచి 2008 దాకా 34 ఏళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పాను. లాభనష్టాలు, బారువడ్డీ, చక్రవడ్డీ అన్నీ చెప్పాను. కానీ నా ఇంటి లెక్క దగ్గర మాత్రం ఫెయిలయ్యాను. అయితే, తప్పిన పిల్లవాడికే ఆ లెక్కలో ఎక్కడ కాలు జారుతుందో బాగా తెలుస్తుంది. ఆ ధైర్యంతోనే మీ ముందు నిలబడ్డాను.

ముందు మిమ్మల్ని ఒక మాట అడుగుతాను. మన ఇళ్ళలో దావత్‌లు ఎప్పుడెప్పుడు చేస్తాం? బిడ్డ పుడితే అఖీఖా. ఖురాన్ చదవడం మొదలుపెడితే బిస్మిల్లా ఖానీ. నికా, వలీమా. కొత్త ఇల్లు కడితే దావత్. హజ్‌కు పోతే దావత్, వస్తే దావత్. అల్హందులిల్లాహ్, సంతోషమే. కానీ వీటిలో సగం దావత్‌లు అప్పు చేసి పెట్టినవి. ఆ అప్పు ఏ నాలుగేళ్ళకో, ఆరేళ్ళకో తీరుతుంది. ఆ తీరిన రోజు ఎవరైనా దావత్ చేశారా? ఇంట్లో భార్యకైనా చెప్పారా? చెప్పం. అప్పు చేసిన రోజు ఊరంతా తింటుంది, అప్పు తీరిన రోజు ఎవరికీ తెలియదు. ఈ రోజు నా మాటంతా దీని గురించే.

మా అబ్బా చేతికొచ్చిన డబ్బు

మాది కృష్ణ ఒడ్డు పల్లె. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్ళు వచ్చినప్పుడు కొల్లాపూర్ తాలూకాలో మునిగిన ఊళ్ళలో మా ఊరు ఒకటి. ఇక్కడ కూర్చున్న పెద్దవాళ్ళలో చాలామందికి 1981 సంవత్సరం గుర్తుండే ఉంటుంది. భూమి పోయింది, ఇల్లు పోయింది, కబరస్తాన్ నీళ్ళ కిందికి పోయింది. దానికి బదులుగా మా అబ్బా చేతికి నష్టపరిహారం వచ్చింది. జీవితంలో అంత డబ్బు ఆయన ఒక్కసారిగా చూడలేదు.

ఆ డబ్బు రెండేళ్ళు కూడా నిలవలేదు. చెల్లెలి పెళ్ళి ఘనంగా చేశాడు. రెండు బర్రెలు కొన్నాడు. అడిగిన చుట్టానికల్లా చేబదులు ఇచ్చాడు. మా అబ్బా తాగుబోతు కాడు, జూదగాడు కాడు, అయిదు పూటలా నమాజు చదివే మనిషి. ఆయన చేసిన తప్పు ఒక్కటే. ఆ భూమి ఏటేటా పంట ఇచ్చేది. దానికి బదులు వచ్చిన డబ్బు కూడా ఏటేటా తిండి పెట్టాలి కదా అన్న ఆలోచన ఆయనకు రాలేదు, చెప్పేవాళ్ళు కూడా లేరు. పంట పోయింది, పంట ధర ఒక్కసారి చేతికొచ్చింది, దాన్ని ఒక్క పంటలాగే తినేశాం.

నాకప్పుడు 31 ఏళ్ళు. సర్కారు బడిలో మాస్టర్ని. మా అబ్బాను మనసులో తప్పుపట్టాను. "నేనైతే ఇలా చేయను" అనుకున్నాను. తర్వాత 27 ఏళ్ళకు నేను కూడా సరిగ్గా అదే చేశాను.

నా రిటైర్మెంట్

2008 జూన్‌లో 58 ఏళ్ళకు రిటైరయ్యాను. గ్రాట్యుటీ, జీపీఎఫ్, మిగిలిన సెలవుల జీతం, దానితోపాటు పెన్షన్ అమ్ముకున్నది. పెన్షన్ అమ్ముకోవడమంటే తెలియనివాళ్ళకు చెబుతాను. నెలనెలా రావలసిన పెన్షన్‌లో 40 శాతం దాకా వదులుకుంటే, దానికి లెక్కకట్టి ముందే ఒకేసారి డబ్బు ఇస్తారు. దాన్ని కమ్యుటేషన్ అంటారు. ఆ కోత 15 ఏళ్ళు నడుస్తుంది. అన్నీ కలిపి నా చేతికి పదకొండు లక్షల చిల్లర వచ్చింది.

మొదటి పని నాలుగు వందల మందికి దావత్. పూలదండలు, శాలువాలు, ఫొటోలు. తర్వాత పెద్దవాడి దుకాణానికి పెట్టుబడి. మేనల్లుడికి చేబదులు. మిగిలిన దానిలో పెద్ద ముక్క ఒక కంపెనీలో పెట్టాను. వడ్డీ కాదు, వ్యాపారంలో వాటా, పూర్తిగా హలాల్, నెలకు వందకు మూడు రూపాయలు గ్యారంటీ అన్నారు. లెక్కల మాస్టర్ని, ఒక్క నిమిషం ఆగి ఆలోచించలేదు. నెలకు 3 అంటే ఏడాదికి 36. ఏ నిజాయితీ వ్యాపారం ఏటా వందకు ముప్పై ఆరు గ్యారంటీగా ఇస్తుంది? వ్యాపారంలో వాటా అంటే లాభంలోనూ నష్టంలోనూ వాటా. నష్టం లేని వాటా అని ఎవరైనా అంటే, అది వాటా కాదు. గడ్డం చూసి, మాట తియ్యదనం చూసి నమ్మాను. ఏడు నెలలు డబ్బు వచ్చింది. ఎనిమిదో నెల ఆఫీసుకు తాళం కనబడింది.

మనవాళ్ళకు ఈ దెబ్బ కొత్తకాదు. 2019 జూన్‌లో బెంగళూరులో ఐ.ఎం.ఎ. మూతబడినప్పుడు, వేలమంది ఫిర్యాదు కాగితాలు పట్టుకుని బారులు తీరారు. వాళ్ళలో రిటైరైనవాళ్ళు, వితంతువులు, ఆడపిల్ల పెళ్ళికి దాచుకున్నవాళ్ళు ఎందరో. వడ్డీ నుంచి తప్పించుకోవాలన్న మన భయమే మోసగాడికి పెట్టుబడి అయింది. "హలాల్" అనే బోర్డు చూసి లెక్క అడగడం మానేస్తే, అది దీన్‌దారీ కాదు, బద్ధకం.

పద్దెనిమిది నెలల్లో నా పదకొండు లక్షలు ఒక లక్షకు దిగాయి. ఆ రోజు మా అబ్బా గుర్తొచ్చాడు. ఆయనకు చదువు లేదు. నాకున్న సాకు ఏమిటి?

నికానామా

ఆ తర్వాత ఒక రోజు పెన్షన్ కాగితాల కోసం ఇనుప పెట్టె తీశాను. అడుగున మా నికానామా కనబడింది. 1975 నాటిది. మెహర్ పదకొండు వందల రూపాయలు, తర్వాత చెల్లించే షరతు మీద. ముప్పై అయిదేళ్ళు అవుతోంది, నేను చెల్లించలేదు. ఆమె అడగలేదు. మనలో ఎంతమంది ఇళ్ళలో ఇది ఇలాగే ఉందో మీ మనసుకే తెలుసు. మెహర్ అంటే భర్త మీద భార్యకు ఉన్న అప్పు. మనిషి చనిపోతే ఆస్తి పంచుకునే ముందు తీర్చాల్సిన అప్పుల్లో అది కూడా ఒకటి. జనాజా ముందు భార్యను మాఫీ అడిగించడం మన ఊళ్ళలో చూస్తాం. ఏడుస్తూ ఉన్న ఆడమనిషి ఆ వేళ ఏమంటుంది?

పదకొండు వందలు జేబులోంచి తీసి అప్పుడే ఇచ్చేయవచ్చు. కానీ లెక్కల బుర్ర ఊరుకోలేదు. 1975లో తులం బంగారం ఆరు వందల చిల్లర ఉండేది. అంటే ఆ పదకొండు వందలు ఆ రోజున తులమున్నర బంగారం కంటే ఎక్కువ. 2010లో పదకొండు వందలు పెట్టి కొంటే వచ్చేది చెవిపోగు ముక్క. షరీఅత్ ప్రకారం రాసుకున్నది పదకొండు వందలే అని ఆలిమ్‌లు చెప్పారు. అయినా ఆలస్యం నాది, దానివల్ల నష్టం ఆమెది కావడం నాకు మనసొప్పలేదు. తులమున్నర ఇవ్వాలని నియ్యత్ చేసుకున్నాను.

పెన్షన్‌లోంచి నెలకు రెండు వేలు పక్కన పెట్టడం మొదలుపెట్టాను. నేను పొదుపు చేస్తుంటే బంగారం నాకంటే ముందు పరుగెత్తింది. రెండేళ్ళకు పైనే పట్టింది. 2012లో ఒక శుక్రవారం జుమా నమాజు అయ్యాక ఆ బంగారం తెచ్చి ఆమె చేతిలో పెట్టి, "ఇది నీ మెహర్" అన్నాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లోపలికి పోయి సేమియా వండింది. ఇద్దరమే తిన్నాం. "మన ఇంట్లో అప్పు తీరినందుకు తిన్న మొదటి దావత్ ఇది" అంది.

నాలుగు వందల మంది తిన్న దావత్‌లో ఏమి వండారో నాకు ఇప్పుడు గుర్తులేదు. ఆ గిన్నెడు సేమియా గుర్తుంది. ఆ బంగారం ఏం చేసిందో నేను అడగలేదు. అది ఆమె సొమ్ము.

మజిలీలు

మన తెలుగులో మజిలీ అనే మాట ఉంది. అరబ్బీ మంజిల్ నుంచి వచ్చిన మాట. పూర్వం దూర ప్రయాణం చేసేవాళ్ళు పగలంతా నడిచి, సాయంత్రం ఒకచోట దిగి, నీళ్ళు తాగి, అల్లాహ్‌కు శుక్ర్ చెప్పుకుని, మర్నాడు మళ్ళీ బయలుదేరేవారు. మజిలీ లేని ప్రయాణం ఎవరూ చేయలేరు. ముప్పై నలభై ఏళ్ళ సంపాదనకు, ఆ తర్వాత ఇరవై ముప్పై ఏళ్ళ ముసలితనానికి కూడా మజిలీలు కావాలి. అవి మనం గుర్తుపట్టాలి. గుర్తుపట్టి సంతోషపడాలి. సంతోషం లేని పొదుపు ఎక్కువ రోజులు నడవదు.

నా అనుభవంలో మొదటి మజిలీ, వడ్డీ అప్పు తీరడం. ఊళ్ళో వందకు మూడు, అయిదు వడ్డీకి తెచ్చిన అప్పు ఉన్నంతకాలం ఎంత పొదుపు చేసినా చిల్లుకుండలో నీళ్ళు పోసినట్టే. ముందు చిల్లు మూయాలి.

రెండో మజిలీ, ఆరు నెలల ఇంటిఖర్చు చేతిలో ఉండడం. దీన్ని పెద్ద ఉద్యోగస్తుల మాట అనుకోకండి. మన పాలమూరు కూలీలు వానలు లేక బొంబాయికి, పూనాకు వలసపోయిన రోజులు చూశాం. ఇంట్లో మూడు నెలల తిండి ఉంటే ముందు అడ్వాన్సు తీసుకుని మేస్త్రీకి బందీ కావలసిన పని ఉండేది కాదు. నెలకు రెండు వందలు దాచే ఇల్లాలికి కూడా ఇది మజిలీయే.

మూడో మజిలీ, కాగితాలు సరిగ్గా ఉండడం. ఇది చెబితే అందరూ నవ్వుతారు. కానీ సర్వీసు రిజిస్టర్‌లో ఒక పేరు, ఆధార్‌లో ఒక పేరు, బ్యాంకులో ఒక పేరు ఉండి పెన్షన్ ఆగిన బేవాలను మన సొసైటీలోనే చూశాం. మహ్మద్, మొహమ్మద్, ఎండీ, ఈ మూడూ ఒక్క మనిషే అని ఆఫీసులో నిరూపించడానికి ఒక ఏడాది తిరిగినవాళ్ళు ఉన్నారు. నామినీ పేరు పెళ్ళికి ముందు అమ్మ పేరు రాసి, ఆమె గతించినా మార్చనివాళ్ళు ఉన్నారు. ఇంకో మాట, నామినీ అంటే సాధారణంగా డబ్బు అందుకునే మనిషే గాని ఒక్కడే యజమాని కాడు. వారసుల వాటాలు వారివే. అల్లాహ్ నిర్ణయించిన వాటాలో ఆడపిల్లది కూడా ఉంది.

నాలుగో మజిలీ రిటైర్మెంట్ రోజు. మా తరం ఉద్యోగులకు నెలనెలా పెన్షన్ ఉంది. 2004 సెప్టెంబర్ 1 నుంచి చేరిన మన పిల్లలకు ఆ పాత పెన్షన్ లేదు, సీపీఎస్. వాళ్ళ జీతంలోంచి పది శాతం, సర్కారు వాటా కలిసి జమ అవుతుంది. రిటైరైనప్పుడు దానిలో 60 శాతం దాకా చేతికి వస్తుంది, మిగిలిన 40 శాతంతో నెలనెలా వచ్చే యాన్యుటీ కొనాలి. ప్రైవేటు కంపెనీలో పనిచేసేవాళ్ళకు ఈపీఎఫ్ ఉన్నా, వాళ్ళ పెన్షన్ పథకంలో కనీస మొత్తం 2014 నుంచి నెలకు వెయ్యి రూపాయలే. దుకాణదారుకు, ఆటో డ్రైవరుకు, దర్జీకి అదీ లేదు. 40 ఏళ్ళ లోపు పిల్లలు అటల్ పెన్షన్ లాంటిది ఎంచుకోవచ్చు, కాదంటే తమకు మనసొప్పిన దారి వెతుక్కోవచ్చు. ఏదో ఒకటి మాత్రం నేడే మొదలుపెట్టాలి. ముసలితనానికి ఆసరా పెన్షన్ 2,016 రూపాయల మీద మాత్రమే ఆధారపడే రోజు తెచ్చుకోవద్దు.

పూత మీద తోట అమ్ముకోవద్దు

మన కొల్లాపూర్ మామిడి పేరు హైదరాబాద్ మార్కెట్ దాకా తెలుసు. తోట ఉన్న రైతులు ఇక్కడ ఉన్నారు, మీకు నేను చెప్పేదేమీ లేదు. మామిడి ఒక ఏడు విరగకాస్తుంది, మరుసటి ఏడు మొహం చాటేస్తుంది. కాపు ఏడాదిలో తిన్నదంతా తింటే, ఖాళీ ఏడాదిలో అప్పే గతి. అవసరం మీద ఉన్నవాడు పూత మీదే తోటను కాంట్రాక్టరుకు అమ్ముకుంటాడు. తర్వాత కాయ నిలబడితే వీడు ఏడుస్తాడు, గాలివాన వస్తే వాడు ఏడుస్తాడు. పండు పక్వానికి వచ్చే సూచన కనబడకముందే అమ్మవద్దని మన ప్రవక్త, సల్లల్లాహు అలైహి వసల్లం, ఎందుకు వారించారో తోట ఉన్నవాడికి విడమర్చి చెప్పనక్కరలేదు.

రిటైర్మెంట్ డబ్బు విషయంలో కూడా చాలామంది పూత మీదే అమ్ముకుంటున్నారు. ఇంకా రెండేళ్ళ సర్వీసు ఉండగానే, "గ్రాట్యుటీ వస్తుంది కదా" అని పెళ్ళికి అప్పు తెస్తారు. ఈ మధ్య ఆ డబ్బు చేతికి రావడానికి నెలలు పడుతోంది. డబ్బు ఆగుతుంది, వడ్డీ ఆగదు. అందుకే రిటైర్మెంట్‌కు మూడేళ్ళ ముందు నుంచి కొత్త అప్పు చేయవద్దని నా సలహా. డబ్బు వచ్చాక ఆరు నెలల దాకా ఎవరికీ ఇవ్వవద్దు, ఎక్కడా పెట్టవద్దు. కొడుకు అలిగితే అలగనివ్వండి.

యూసుఫ్ అలైహిస్సలామ్ కథ మనకు చిన్నప్పటి నుంచి తెలుసు. రాజు కలలో బలిసిన ఆవులను బక్క ఆవులు తిన్నాయి. ఏడేళ్ళు బాగా పండుతుంది, తర్వాత ఏడేళ్ళు కరువు వస్తుంది, అందుకని పండిన దానిలో కొద్దిగా తిని మిగిలింది వెన్నులతోనే దాచమన్నారు. దాచడం తవక్కుల్‌కు విరుద్ధం కాదని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి? నబీ గారు చెప్పిన ఉపాయమే అది.

ధరల లెక్క కూడా ఒకటి చెబుతాను. ఏడాదికి ఆరు శాతం ధరలు పెరిగితే 12 ఏళ్ళలో ఖర్చు రెట్టింపవుతుంది. ఇవాళ ఇల్లు ఇరవై వేలతో నడిస్తే, 60 ఏళ్ళకు రిటైరైనవాడికి 72 ఏళ్ళప్పుడు నలభై వేలు కావాలి. మందుల ఖర్చు దానికి వేరే. నా మెహర్ లెక్కలో పదకొండు వందలకు పట్టిన గతి ఇదే.

రిటైరయ్యాక వచ్చే మజిలీలు

రిటైర్మెంట్‌తో మజిలీలు అయిపోతాయని అనుకుంటాం. కావు. దాచింది కదలకుండా, వచ్చే రాబడితోనే గడిచిన మొదటి ఏడాది ఒక మజిలీ. 15 ఏళ్ళకు కమ్యుటేషన్ కోత ఆగి పూర్తి పెన్షన్ వచ్చిన నెల ఒక మజిలీ. నాకు అది 2023లో వచ్చింది. ఆ నెల పెరిగిన డబ్బు మొత్తం మన సొసైటీ స్కాలర్‌షిప్‌లకు ఇచ్చాను. ఆ నెల ఒక్కటే, తర్వాతి నెల నుంచి మందులకు సరిపోతోంది. ఏటా బతికే ఉన్నామని సర్టిఫికెట్ ఇచ్చే రోజు కూడా నాకు మజిలీయే. సర్కారు అడిగే ప్రశ్న అల్లాహ్‌కు శుక్ర్ చెప్పడానికి మంచి సాకు.

హజ్ పెద్ద మజిలీ. స్తోమత ఉన్నవాడికే హజ్ ఫర్జ్. అప్పులు తీరి, వెనుక ఇంటివాళ్ళకు ఖర్చు ఉంచి పోగలిగితేనే స్తోమత. ఈ విషయంలో మలేషియావాళ్ళు చేసిన పని మీకు చెప్పాలి. అక్కడ పల్లెల్లోని ముస్లింలు హజ్ కోసం డబ్బు ఇంట్లో దాచుకునేవాళ్ళు, చివరికి పశువులు, భూమి అమ్ముకుని పోయేవాళ్ళు. తిరిగి వచ్చాక హాజీ సాబ్ బికారి. ఇది చూసి ఉంగ్కు అజీజ్ అనే ఆర్థికవేత్త 1959లో ఒక ప్రణాళిక రాశారు. వడ్డీ లేకుండా, చిన్నచిన్న మొత్తాలు జమచేసుకునే సంస్థ 1963లో మొదలైంది. అదే నేటి తాబుంగ్ హాజీ. పేదవాడు నెలకు కొంత వేస్తూ, పాస్‌బుక్కులో అంకె పెరుగుతుంటే చూసుకుంటూ హజ్‌కు చేరుకుంటాడు.

మలేషియా దాకా ఎందుకు, మన హైదరాబాద్ చరిత్రలోనే ఉంది. నిజాం కాలంలోనే ఇక్కడ ఉద్యోగులు కలిసి వడ్డీలేని అప్పుల సంఘాలు నడిపారు. హైదరాబాద్‌లో పుట్టి పారిస్‌లో స్థిరపడిన మహా పండితుడు డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా 1955లో ఈ సంఘాల గురించి రాసి ప్రపంచానికి చెప్పారు. తర్వాత 1966లో హైదరాబాద్‌లో తూర్ బైతుల్‌మాల్ వచ్చింది. అంటే, వడ్డీ లేకుండా నడవదు అనేది మన పెద్దల మాట కాదు, మన మాట.

ఇక నేను చూసిన మజిలీలన్నిటిలో పెద్దది చెబుతాను. బస్టాండ్ దగ్గర బండి మీద పండ్లు అమ్మే ఒక సోదరుడికి మన సొసైటీ నుంచి కొన్ని రంజాన్‌లు జకాత్ రేషన్ వెళ్ళేది. ఒక ఏడాది జాబితా రాస్తుంటే ఆయన వచ్చాడు. "సార్, ఈసారి నా పేరు రాయకండి. బిడ్డకు ఉద్యోగమొచ్చింది. నా పేరు ఇంకో జాబితాలో రాయండి" అని రెండు వందల రూపాయలు బల్ల మీద పెట్టాడు. ఆయన మీద ఇంకా జకాత్ ఫర్జ్ కాలేదు. అప్పులు, అవసరాలు పోను 612.36 గ్రాముల వెండి లేదా 87.48 గ్రాముల బంగారం విలువకు చేరి, ఒక చాంద్రమాన సంవత్సరం గడిచినప్పుడు వందకు రెండున్నర ఇవ్వాలి. ఆ రెండు వందలు జకాత్ కాదు, సదఖా. కానీ తీసుకునే చెయ్యి ఇచ్చే చెయ్యి అయిన రోజు అది. ఆ రోజు ఆఫీసులో మేము ముగ్గురమే ఉన్నాం. చప్పట్లు లేవు, శాలువా లేదు. మా సెక్రటరీ లేచి నిలబడ్డారు, అంతే.

మనలో చాలామంది జకాత్ లెక్క కట్టేటప్పుడు డబ్బు పోతున్నట్టు మొహం పెడతాం. నిజానికి మొదటిసారి జకాత్ ఇవ్వాల్సి వచ్చిన ఏడాది ఆ కుటుంబానికి ఈద్ లాంటిది. మీ పిల్లల మొదటి జకాత్ వాళ్ళ చేతితోనే ఇప్పించండి.

రియా కాకుండా ఎలా?

ఇక్కడ ఎవరైనా అడగవచ్చు: "మాస్టారూ, సంతోషాన్ని చాటుకుంటే రియా కాదా? నజర్ తగలదా?" మంచి ప్రశ్న. నేను చేసిన నాలుగు వందల మంది దావత్ అచ్చంగా రియాయే. అందుకే నేను ఒక కట్టుబాటు పెట్టుకున్నాను. మజిలీ చేరిన రోజు మూడు పనులు. రెండు రకాతులు శుక్రానా నమాజు. ఇంటి మనిషితో కూర్చుని లెక్క చూసుకోవడం. ఆ సంతోషంలో చిన్న వాటా, పేరు లేకుండా, లేనివాడికి. ఖర్చు తక్కువ, సాక్షులు తక్కువ, సంతోషం ఎక్కువ. రెండో పనిని తేలిగ్గా తీసుకోకండి. ఇంటాయన చనిపోయాక ఎక్కడ ఎంత ఉందో, ఎవరికి ఎంత ఇవ్వాలో తెలియని ఆడవాళ్ళు ఎంతమందో మన వితంతు సహాయ జాబితా చూస్తే తెలుస్తుంది. వాళ్ళలో కొందరు నిజానికి పేదవాళ్ళు కారు. వాళ్ళ డబ్బు ఎక్కడుందో వాళ్ళకు తెలియదు.

చివరి మజిలీ వసీయత్. హజ్రత్ సాద్ బిన్ అబీ వఖ్ఖాస్ జబ్బుపడినప్పుడు ఆస్తంతా దానం చేస్తానన్నారు. ప్రవక్త గారు వద్దన్నారు. సగమంటే వద్దన్నారు. మూడో వంతు అంటే, అది కూడా ఎక్కువే అన్నారు. వారసులను పరుల ముందు చెయ్యి చాచే స్థితిలో వదలడం కంటే, ఉన్నవాళ్ళుగా వదలడం మేలని బోధించారు. ఇది దాతలైన మీకు నేను ప్రత్యేకంగా గుర్తుచేస్తున్నాను. సొసైటీవాడిని అయినా చెబుతున్నాను, ఇల్లు ఎండబెట్టి మాకు ఇవ్వకండి. మీ ఇల్లు నిలబడితేనే మీ ఇవ్వడం నిలబడుతుంది.

మూడు విన్నపాలు

మన సొసైటీకి, మీకు మూడు విన్నపాలు చేసి కూర్చుంటాను.

ఒకటి, ఖర్జె హసనా నిధి. జకాత్‌లోంచి కాదు, దానికి ఖురాన్ చెప్పిన ఎనిమిది పద్దులు ఉన్నాయి. వేరేగా, సదఖా, విరాళాలతో. ఒక పదివేలు తిరుగుతూ ఉంటే పది ఇళ్ళ చిల్లు మూస్తుంది. తీసుకున్నవాడు తిరిగి కట్టగానే అది ఇంకొకరికి వెళుతుంది. మీరు ఒక్కసారి ఇచ్చిన డబ్బు చాలాసార్లు ఇచ్చినట్టవుతుంది.

రెండు, ఏడాదికి రెండుసార్లు కాగితాల రోజు. మనలో రిటైరైన గుమాస్తాలు, బ్యాంకువాళ్ళు, మాస్టర్లు ఉన్నారు. ఆ రోజు మస్జిద్ హాల్లో కూర్చుని పేర్ల తప్పులు సరిచేయించడం, నామినీ మార్పించడం, పెన్షన్ దరఖాస్తులు రాయడం, జీవన ధ్రువీకరణ చేయించడం. ఎవరైనా కొత్త స్కీమ్ కాగితం తెస్తే దాని లెక్క చూసి చెప్పడం. నేను రిటైరైన రోజు అలాంటి బల్ల ఒకటి ఉండి, దాని వెనుక ఒక్క మనిషి "మాస్టారూ, నెలకు మూడంటే ఏడాదికి ముప్పై ఆరు" అని అన్నా నా డబ్బు నాకు ఉండేది. ఆ బల్ల వెనుక కూర్చోవడానికి నేను సిద్ధం. వయసు 75, కళ్ళద్దాలు ఉన్నాయి.

మూడు, వచ్చే ఏడాది ఇదే వేదిక మీద ఒక బోర్డు పెడదాం. దానిమీద పేర్లు వద్దు. అంకెలు మాత్రం. ఈ ఏడాది ఎన్ని ఇళ్ళు వడ్డీ అప్పు నుంచి బయటపడ్డాయి, ఎంతమంది భార్యల మెహర్ చెల్లించారు, ఎంతమంది రేషన్ జాబితాలోంచి తామే తప్పుకున్నారు. విరాళాల మొత్తం కింది వరుసలో రాద్దాం, ఈ అంకెలు పై వరుసలో రాద్దాం. దాతలు నొచ్చుకోరని నాకు తెలుసు. మీరిచ్చిన డబ్బు ఎక్కడికి చేరిందో చూపే లెక్క అదే.

ఈ రాత్రి ఇంటికి వెళ్ళాక ఇనుప పెట్టె తీయండి. నికానామా ఒకసారి చూడండి. అప్పుల చీటీ రాయండి. ఏదైనా ఒకటి కొట్టేయగలిగిన రోజు సేమియా వండించుకోండి. నన్ను పిలవనక్కరలేదు, దుఆలో గుర్తుంచుకోండి చాలు.

అల్లాహ్ మనందరినీ అప్పు లేకుండా, ఎవరి హక్కూ మన మెడ మీద లేకుండా తన దగ్గరికి పిలుచుకోవాలి. ఆమీన్. అస్సలాము అలైకుమ్.